అరపూట టూరు, తాళం వేసిన బస్సు

మా జగిత్యాల దిక్కు పిల్లలు కొందరు టూరిజం కోర్సు చదువుకొని ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. "కాకా, సౌదీల టూరు కంపెనీలల్ల పని ఎట్లుంటది? జీతమెంత ఇస్తరు?" అని అడుగుతారు. అవన్నీ ఏజెంటు చెప్తాడు, అబద్ధమైనా చెప్తాడు. ఆ ఉద్యోగంలో మనిషి నిజంగా చేయాల్సిన పని ఏమిటని ఒక్కడూ అడగలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను సౌదీకి పోయింది డ్రైవరుగా. రియాద్‌లో, మలాజ్‌లో ఉన్న ఒక ట్రావెల్ కంపెనీలో వ్యాను నడిపాను. ఉర్దూ ఊర్లోనే వచ్చు. అరబ్బీ రోడ్ల మీద వచ్చింది. ఇంగ్లీషు ప్యాసింజర్ల దగ్గర వచ్చింది. టూరిస్టులకు వీసాలు ఇవ్వడం మొదలయ్యాక నన్ను స్టీరింగు మీంచి లేపి "గంగారాం, ఇక నువ్వు టూర్ లీడర్" అన్నారు. పేరు పెద్దది. పని ఇదీ: గ్రూపును బస్సెక్కించడం, దించడం, తిండి పెట్టించడం, ఎవరూ తప్పిపోకుండా వెనక్కి తేవడం.

ముందే ఒక మాట. రిటైరైతే కోపం చల్లారుతుందని అందరూ అన్నారు. నాకు చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

అరపూటలో ఏం చూపిస్తాం

మా కంపెనీకి బాగా గిరాకీ ఉన్న టూరు అల్ ఉలా దగ్గరి పాత సమాధులది. మన వాళ్లు మదాయిన్ సాలెహ్ అంటారు, ఇప్పుడు బోర్డుల మీద హెగ్రా అని రాస్తున్నారు. రెండు వేల ఏండ్ల కింద నబతీయులనే వర్తకులు ఎర్రటి ఇసుకరాతి కొండలను పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి ఇండ్ల మాదిరి సమాధులు కట్టుకున్నారు. నిజానికి అది కట్టడం కాదు, కొండలోంచి తొలిచి తీయడం. ఎడారి మధ్యలో ఒంటరి బండ ఒకటి ఉంది. దానికి చెక్కిన వాకిలి ముందు నిలబడితే మనిషి ఎంత పొట్టివాడో తెలుస్తుంది. నేను ఎన్నిసార్లు పోయినా ఆ బండ ముందు నోరు తెరిచే నిలబడ్డాను. ఆ జాగా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదు అరపూట మీద. పొద్దున హోటల్లో ఎక్కించి మధ్యాహ్నం భోజనానికి దించేయాలి. మన బస్సు స్వాగత కేంద్రం దగ్గర పార్కింగులోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి వాళ్ల బస్సు, వాళ్ల గైడు. ఆ గైడును రావీ అంటారు, కథ చెప్పే మనిషి అని అర్థం. మా గ్రూపులకు ఎక్కువగా వచ్చేది నూరా అనే పిల్ల. అల్ ఉలా పిల్లే. తాతల కాలం నుంచి ఆ ఖర్జూర తోటల్లో పెరిగిన కుటుంబం. నన్ను "అమ్మీ" అని పిలిచేది. అరబ్బీలో ఆ మాటకు బాబాయ్ అని అర్థం. మొదటిసారి విన్నప్పుడు నేను వెనక్కి తిరిగి ఎవరి అమ్మ వచ్చిందా అని చూశాను.

మదీనా నుంచి వచ్చే యాత్రికుల్లో కొందరు ఆ సమాధుల దగ్గర దిగరు. దేవుడు శపించిన చోటని వాళ్ల నమ్మకం. దిగనని కూర్చున్నవాళ్లను లాగొద్దు, దిగుతానన్నవాళ్లను ఆపొద్దు. నేను ఈ పనిలో పాటించిన నియమం ఇదొక్కటే. దీన్ని నిలబెట్టుకోవడానికే నా మేనేజరుతో కొట్లాడాల్సి వచ్చింది.

ఏసీ గదిలోంచి నడిపే బస్సు

మా మేనేజరు ప్రకాశరావుది కాకినాడ వైపు. చదువుకున్నవాడు, మాట మెత్తగా ఉంటుంది. మా వీసాలు తన పేరు మీదున్న సౌదీ యజమాని, అంటే కఫీల్, ఎప్పుడో గానీ ఆఫీసుకు రాడు గనక కంపెనీ అంతా ఈయనే. ఈయన పెట్టిన రూళ్లలో రెండింటి గురించి చెప్తాను.

ఒకటి, పార్కింగులో బస్సు ఇంజను నడవకూడదు. డీజిల్ దండగ. బస్సుల్లో ఒక యంత్రం పెట్టించాడు. ఆగిన బస్సులో ఇంజను నడిస్తే రియాద్‌లో ఈయన కంప్యూటరు మీద ఎర్రగా వెలుగుతుంది. వెంటనే డ్రైవరుకు ఫోను పోతుంది.

రెండు, పిల్లలను చూసుకోవడానికి వెంట వచ్చే పనిమనుషులకు బస్సులో సీటు ఉంటుంది, లోపలికి టికెట్ ఉండదు. టూరు అయ్యేదాకా వాళ్లు బస్సులోనే కూర్చోవాలి.

నేను చెప్పబోయే రోజు గ్రూపు రియాద్‌లోని ఒక పెద్ద ఆఫీసు వాళ్లది. నాలుగైదు కుటుంబాలు, అందరూ మనవాళ్లే. వాళ్లలో హైదరాబాద్ జంట ఒకటి. వాళ్లకు సిరి అని చిన్న పాప, అప్పుడప్పుడే నడుస్తోంది. పాపను చూసుకోవడానికి రమణమ్మ. రాయచోటి ఆవిడ, నలభై దాటిన మనిషి. ముందు ఏదో సౌదీ ఇంట్లో చేసి, తెలుగువాళ్లయితే బాగుంటుందని వీళ్ల ఇంటికి మారిందట. ఇది నేను మరిచిపోలేను. అరబ్బు ఇంటి నుంచి తప్పించుకొని మనవాళ్ల ఇంటికి వచ్చిన మనిషి ఆమె.

ముందు రోజు నేను ఆఫీసుకు ఫోన్ చేశాను.

"సార్, ఆమెకు కూడా టికెట్ తీస్త. చిన్న పిల్ల ఉన్నది. బస్సుల కూసోబెట్టుడు మంచిగుండదు. ఎండలు ముదిరినయ్."

"గంగారాం, మళ్లీ మొదలెట్టావా? కస్టమర్ అడిగాడా?"

"అడగలే."

"కస్టమర్ అడగనిది మనం ఇవ్వడం ఏంటయ్యా? రేపు ప్రతి ఆయాకీ ఇవ్వాలి. ఇట్స్ ఎ పాలసీ. ఆవిడ టూరిస్టు కాదు, డ్యూటీలో ఉంది."

ఆ పాలసీ కాగితం మీద ఎక్కడా లేదు. అది ఈయన నోట్లో మాత్రమే ఉంది. పిల్లలూ, ఎవరైనా మీతో పాలసీ అంటే, చూపించమనండి.

పార్కింగులో

పొద్దున చల్లగానే ఉంది. సిరి నిద్రపోతోంది. తల్లి "పాపను లేపకు రమణమ్మా, మేం చూసి వచ్చేస్తాం" అని దిగింది. రమణమ్మ ఫోను ఆ తల్లి హ్యాండ్‌బ్యాగులో ఉంది. డ్యూటీలో ఫోను ఉంటే పిల్ల మీద ధ్యాస ఉండదని తీసి పెట్టుకుంటుందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మా డ్రైవరు జమాల్ బంగ్లాదేశ్ మనిషి. నేను దిగేముందు చెప్పాను: "జమాల్ భాయ్, ఇంజన్ బంద్ మత్ కర్నా. అందర్ బచ్చా హై." ఇంజను ఆపనన్నాడు.

తర్వాత జరిగింది జమాల్ చెప్పిందీ రమణమ్మ చెప్పిందీ కలిపి రాస్తున్నాను. ఎండ ఎక్కాక రియాద్ నుంచి ఫోను వచ్చింది, ఇంజను ఎందుకు నడుస్తోందని. లోపల చిన్న పాప ఉందని జమాల్ చెప్పాడు. "తలుపు తీసిపెట్టు, చాలు" అన్నాడు ప్రకాశరావు. ఇంజను ఆగింది, జమాల్ తలుపు తెరిచాడు. కాసేపటికి దుమ్ము గాలి లేచి పాప దగ్గడం మొదలుపెట్టింది. తలుపు మూశాడు. నమాజు వేళయింది. అంతకుముందు ఒకసారి బస్సులో ఎవరిదో బ్యాగు పోతే నింద జమాల్ మీద పడింది. అందుకని తాళం వేసుకొని పోయాడు. నమాజు నుంచి టీకి పోయాడు. జమాల్‌ది తప్పే. ఆ మాట అతని ముందే అన్నాను, అతను కాదనలేదు. కానీ ఆ తప్పుకు దారి వేసింది ఎవరో ఆలోచించండి.

నేను ఆ వేళకు గ్రూపుతో ఆ ఒంటరి బండ దగ్గర ఉన్నాను. నూరా చేతిలో వాకీటాకీ మోగింది. విని నా వైపు తిరిగింది. 

"అమ్మీ, మీ బస్సు అద్దం ఎవరో స్త్రీ పగలగొట్టిందట. చేతిలో చిన్న పాప ఉందట."

అందరినీ వెంటనే ఆ జాగా వాళ్ల బస్సెక్కమన్నాను. సిరి తల్లి ఒక్క కేక పెట్టింది. ఆ కేక నిజమైనది, అందులో నాకు అనుమానం లేదు. అదే బస్సులో వెనక సీటులోంచి ఒకాయన "మా ఫోటోలు ఇంకా కాలేదండీ, వాళ్లను మాత్రం పంపించేస్తే సరిపోదా?" అన్నాడు. పని చేసినన్నాళ్లూ టూరిస్టు మీద చెయ్యెత్తాలనిపించింది ఆ ఒక్కసారే.  నూరాకు తెలుగు రాదు గానీ ఆ గొంతు అర్థమైనట్టుంది. డ్రైవరుతో "పోనియ్" అంది.

సిరి ప్రథమ చికిత్స గదిలో ఉంది. తడిగుడ్డతో తుడిచి, నీళ్లు తాగించి, ఏసీ కింద పడుకోబెట్టారు. బాగానే ఉంది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో అక్కడి నర్సు అరబ్బీలో నాతో అంది. దాన్ని నేను ఎవరికీ తర్జుమా చేయలేదు. రమణమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, కుడి చేతికి కట్టు, కొంగు నిండా రక్తం. పాప ఆమె వేలు పట్టుకునే ఉంది.

తల్లి పాపను ఎత్తుకుంది. గుండెలకు హత్తుకొని ఏడ్చింది. ఏడుపు ఆగిన వెంటనే రమణమ్మ వైపు తిరిగి, "నిన్నెవరు దిగమన్నారు బస్సు? అద్దం పగిలి పాప కంట్లో పడితే?" అంది.

భర్త ఇంకో మెట్టు ఎక్కాడు. "తెలియని ఊళ్లో పాపను ఎత్తుకొని ఎక్కడికి బయల్దేరావు నువ్వు? హురూబ్ పెట్టిస్తా, ఉండు."

హురూబ్ అంటే పనిమనిషి పారిపోయిందని యజమాని సర్కారుకు చెప్పడం. అది పడితే అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, పోతుంది, పోలీసులు పట్టుకుంటారు, జైలు తర్వాతే ఇల్లు.  రమణమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది, కూర్చుని ఉండటమే నేరమన్నట్టు.

ఎవరి మాట ఎవరు చెప్పాలి

పార్కింగు కాపలావాళ్లు పోలీసుకు చెప్పారు. నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు అరబ్బీ తప్ప రాదు. రమణమ్మకు వంటింటి అరబ్బీ నాలుగు మాటలు వచ్చు, అంతే. హైదరాబాద్ సారుకు అరబ్బీ రాదు. ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది నాకొక్కడికే.

ఆ సంగతి ప్రకాశరావుకు రియాద్‌లో కూర్చునే తట్టింది. ఫోను చేశాడు.

"గంగారాం, జాగ్రత్తగా విను. ఆవిడే లోపల్నుంచి లాక్ చేసుకుంది. భయపడి అద్దం పగలగొట్టింది. అంతే. ఇంజన్ సంగతి ఎత్తకు."

"సార్, తాళం బయటనుంచి పడ్డది."

"నీకు చెప్పేది అర్థమవుతోందా? కంపెనీ లైసెన్స్ పోతుంది. నీ ఉద్యోగం కూడా అందులోనే ఉంది."

ఇటు సారు నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. "మీరు తెలంగాణవాళ్లే కదా అన్నా. ఆమె పాపను తీసుకొని వెళ్లిపోతుంటే పట్టుకున్నారని చెప్పండి. తర్వాత నేను చూసుకుంటా." పొద్దున హోటల్లో నన్ను "ఏయ్, లగేజ్" అని పిలిచిన మనిషి.

నేను రమణమ్మ పక్కన పోయి కూర్చున్నాను. "చెల్లె, నువ్వెట్ల చెప్తె అట్లనే చెప్త. ఒక్క మాట కలుప, ఒక్క మాట తియ్య. భయపడకు."

ఆమె పోలీసును చూడలేదు. నన్నే చూస్తూ చెప్పింది.

"నేను యాడికీ పోలేదన్నా. తలుపుకు తాళమేసి ఆ డ్రైవరు పాయ. ఉడుకు ఎక్కువాయ. బిడ్డ ముందు ఏడిస్య, తర్వాత ఏడుపు ఆపేస్య. అప్పుడు నాకు భయమాయ. ఏడిసే బిడ్డకు ఏం గాదు, ఏడుపు ఆపిన బిడ్డకే భయపడాల. తలుపు బాదితి. కిటికీలు బాదితి. ఎవురూ రాల్యా. ఫోను మేడం కాడ ఉండాది. అద్దం పక్కన ఎర్ర సుత్తి కనపడ్య. బిడ్డ మొగానికి నా కొంగు కప్పి, వీపు అడ్డం పెట్టి కొడితి. అంతే సార్. పారిపోవాలంటే ఈ ఎడారిలో యాడికి పారిపోతాను?"

నేను మాటకు మాట చెప్పాను. కొంగు కప్పిన సంగతి, వీపు అడ్డం పెట్టిన సంగతి, ఫోను ఎవరి దగ్గర ఉందన్న సంగతి.   జీవితంలో అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

పోలీసాయన జమాల్‌ను పిలిచాడు. జమాల్, ఇంజను ఆపమని ఫోను వచ్చిందని చెప్పాడు. దాని వల్ల తన ఉద్యోగం పోతుందని తెలిసీ చెప్పాడు.

పోలీసాయన సారు వైపు తిరిగి నన్ను తర్జుమా చేయమన్నాడు. "నీ బిడ్డ బతికి ఉంది. బతికించిన మనిషిని పారిపోయిందంటున్నావు. ఆ మాట కాగితం మీద రాయించు. నీ బిడ్డను బస్సులో వదిలి పోయింది ఎవరో నేను కూడా రాస్తాను. రాయమంటావా?"

 అప్పటిదాకా పక్కకు తిరిగి ఉన్న మేడం, "వదిలేయండి, ఏమండీ" అంది. రమణమ్మ తెలుగులో చెప్పిన మాటలు నేను తర్జుమా చేయకముందే మేడం విన్నది కదా. వినీ, ఒక్క మాట కూడా రమణమ్మకు చెప్పలేదు. క్షమించమని అడగకపోనీ. చెయ్యి నొప్పిగా ఉందా అని అడగొచ్చు.

బయటికి వచ్చాక నూరా నాతో అంది, ఇంకో బస్సు లోపలికి పోతోంది, రమణమ్మను నేనే తీసుకెళ్లి చూపిస్తాను అని. అక్కడి కొండలో ఒక ఆడమనిషి తన కోసం, తన కూతురి కోసం చెక్కించుకున్న సమాధి ఉంది. అది ఆమెకు చూపించాలని నూరా ఆశ. మంచి మనసుతోనే అడిగింది. ఆ మాట నేను రమణమ్మకు చెప్పాను.

రమణమ్మ ఆ ఎర్ర కొండల వైపు కూడా చూడలేదు. "వద్దన్నా. ఇంగ కాసేపుంటే నన్నూ బిడ్డనూ సచ్చినోళ్లలో కలిపేసిందురు. సచ్చినోళ్ల ఇండ్లు నాకెందుకు? యాడన్నా కూసోబెట్టు, ఇంత టీ ఇప్పిచ్చు."

నేనూ నూరా ఆమె పక్కన కూర్చుని టీ తాగాం. గ్రూపు అంతా బస్సులో ఎదురుచూసింది. చూడనీ అనుకున్నాను.

సుత్తులు

ఇప్పుడు కంపెనీ ఏం చేసిందో చెప్తాను.

ఆ కుటుంబానికి క్షమాపణగా ఇంకో టూరు ఉచితంగా ఇచ్చింది. రమణమ్మకు ఒక్క ఫోను కూడా చేయలేదు. జమాల్‌ను బస్సు దించి గ్యారేజీలో కడిగే పనికి వేసింది. ఇంజను రూలు అలాగే ఉంది. టికెట్ రూలు అలాగే ఉంది. ఒక్కటి మాత్రం మారింది. ఇక ముందు ఎవరూ అద్దాలు పగలగొట్టకుండా, మంటలొస్తే తప్పించుకోవడానికి బస్సుల్లో కిటికీల పక్కన ఉండే సుత్తులన్నీ తీయించి, డ్రైవరు సీటు కింద పెట్టెలో వేసి తాళం పెట్టమని మెసేజి పంపాడు ప్రకాశరావు.

నేను రెండుసార్లు చదివాను ఆ మెసేజి. మెత్తటి ఇంగ్లీషులో, ప్లీజ్ అని కూడా రాసి ఉంది.

మరునాడు ఆఫీసుకు పోయాను. "సార్, సుత్తులు మళ్లీ పెట్టేదాక నేను గ్రూపును బస్సెక్కియ్య."

"నువ్వు ఎవడివయ్యా ఎక్కించనని చెప్పడానికి?"

"ఎక్కిచ్చేటోన్ని నేనే గద సార్. అందుకే చెప్తున్న."

గట్టిగా అరిచాడు. నన్ను ఇండియాకు పంపేస్తానన్నాడు. నేను బయటికి వచ్చి, ఏండ్ల తర్వాత మొదటిసారి కఫీల్ ఇంటికి పోయాను. కఫీల్ ముసలాయన, వ్యాపారం మీద శ్రద్ధ పోయినవాడు. గావా, అదే అరబ్బు కాఫీ, పోసి ఇచ్చాడు, అంతా విన్నాడు. పనిమనిషి గురించి, టికెట్ గురించి ఆయన ఏమీ అనలేదు. సుత్తుల మాట వచ్చేసరికి ఫోను తీసి ప్రకాశరావును తిట్టాడు. బస్సు కాలిపోతే జైలుకు పోయేది నేనా నువ్వా అని. సాయంత్రానికి సుత్తులు కిటికీల పక్కకు వచ్చాయి.

దాన్ని గెలుపు అనుకోవద్దు. ఆయన భయం తన గురించే. కానీ సుత్తి మాత్రం దాని చోట్లోకి వచ్చింది.

నన్ను టూర్ల నుంచి తీసేశారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏర్‌పోర్టులో పేర్ల బోర్డు పట్టుకొని నిలబడ్డాను. ప్రకాశరావు ఎదురైనప్పుడల్లా "హౌ ఆర్ యూ గంగారాం" అని నవ్వేవాడు. నేను నవ్వలేదు. మీరు కూడా అలాంటి నవ్వుకు నవ్వు తిరిగి ఇవ్వకండి. అది అలవాటైతే తర్వాత వాళ్లు ఏం చెప్పమంటే అది చెప్తారు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది తక్కువ. శిలల గురించి, రాజుల గురించి పుస్తకాలున్నాయి, చదువుకోండి. ఆ జాగా కథ చెప్పడానికి ఆ ఊరి పిల్లలున్నారు, మనకంటే బాగా చెప్తారు. మీ పని బస్సులో ఎక్కిన ప్రతి ప్రాణీ మీ మనిషే అనుకోవడం. టికెట్ ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ. రెండు భాషల మధ్య మీరొక్కరే నిలబడ్డ రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు రెండు పక్కల నుంచీ మీ చెవిలో గుసగుసలాడతారు. బలహీనుల మాట తర్జుమా చేయకుండా మింగేస్తే, మీకన్నా పెద్ద దొంగ ఉండడు.

రాయచోటికి ఫోను

సారు హురూబ్ పెట్టలేదు. పెట్టే ధైర్యం రాలేదు. కొన్ని వారాల తర్వాత రమణమ్మకు ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపేశారు. ఆమె రాయచోటిలో ఉంది. చేతి మచ్చ ఉంది. చలికాలం రెండు వేళ్లు సరిగా ముడవవట. ఇండ్లల్లో పనికి పోవడం మానేసి, బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది.

ఇది రాయాలనుకున్నప్పుడు ఫోను చేసి అడిగాను, నీ సంగతి రాయనా అని. వెనక దోసె చుయ్యిమంటున్న చప్పుడు వినబడింది.

"రాయన్నా."

"పేరు మార్చి రాస్త చెల్లె. ఎవలకూ తెలువకుండ."

చప్పుడు ఆగింది. పెనం మీంచి అట్టు తీసి పక్కన పెట్టినట్టుంది.

"నా పేరు ఎందుకు మార్చేది? నేనేం తప్పు జేసినా? నా పేరు రమణమ్మే అని రాయి. వాళ్ల పేర్లు మార్చుకో. సిగ్గు పడాల్సింది వాళ్లు."